నోటి క్యాన్సర్: రక్తపరీక్ష కాగితంలోని లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

మెండోరలో పెట్టిన వైద్య శిబిరం సర్దుకునే వేళకు ఒక అబ్బాయి పాలిథిన్ సంచిలో ఫైలు పట్టుకొని వచ్చాడు. అతని తండ్రి గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన మనిషి. ఎడమ బుగ్గ లోపల లేచిన పుండు ఐదు నెలలుగా మానలేదు. నిజామాబాద్‌లో ముక్క తీసి పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. అంతా సక్రమంగానే నడుస్తున్నది. అయితే ఫైలులోని సీబీపీ కాగితం అడుగున పెన్సిలుతో ఒక లెక్క వేసి ఉన్నది. 76ను 14తో భాగిస్తే 5.4.

"సిస్టరమ్మా, గీ లెక్క నాలుగు దాటితే మనిషి దక్కడంటున్నరు. ఫోన్ల జూసినం. మా బాపుకు అయిదు దాటింది. ఇగ ఆపరేషన్ జేపియ్యాల్నా, ఇంటి పట్టున ఉంచుకోవాల్నా?" అని అడిగాడు.

తండ్రి కుర్చీలో తల వంచుకొని కూర్చున్నాడు. తల్లి గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. ఆమె చేతిలో బీడీల చాట ఉన్నది. శిబిరానికి వచ్చినా పని ఆగకూడదు కదా, మన వైపు ఆడవాళ్ళు చాట లేకుండా ఎక్కడికీ కదలరు.

ఆ పది నిమిషాల్లో మేము చెప్పగలిగింది చెప్పాము. కానీ ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. ఈ మధ్య చాలామంది బంధువులు రక్తపరీక్ష కాగితం మీద ఈ లెక్క వేసుకొని వస్తున్నారు. కాబట్టి ఈ నెల పాఠం దాని గురించే.

రక్తంలోని ఇద్దరు కాపలాదారులు

మన రక్తంలోని తెల్లకణాల్లో రెండు రకాలు ఇక్కడ మనకు ముఖ్యం. మొదటివి న్యూట్రోఫిల్స్. ముల్లు గుచ్చుకున్నా, పన్ను చీము పట్టినా ముందుగా పరుగెత్తుకొని వచ్చేవి ఇవే. రక్తంలో వీటి ఆయుష్షు కొన్ని గంటలే, అందుకే ఎముకల్లోని మజ్జ వీటిని ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది. రెండవవి లింఫోసైట్స్. ఇవి నిదానంగా కదులుతాయి గాని శత్రువును గుర్తుపట్టి జ్ఞాపకం ఉంచుకుంటాయి. వీటిలో టి కణాలు అనే ఒక జాతి ఉన్నది. అందులోనూ సీడీ8 అనే గుర్తు ఉన్నవి చెడిపోయిన కణాన్ని కనిపెట్టి చంపగలవు. క్యాన్సర్ కణాన్ని చంపేదీ ఎక్కువగా ఇవే.

సీబీపీ కాగితంలో డిఫరెన్షియల్ కౌంట్ అనే వరుస ఉంటుంది. అందులో న్యూట్రోఫిల్స్ ఎంత శాతం, లింఫోసైట్స్ ఎంత శాతం అని వేస్తారు. మొదటి అంకెను రెండవ అంకెతో భాగిస్తే వచ్చేదే ఆ నిష్పత్తి. డాక్టర్లు దీనిని ఎన్‌ఎల్‌ఆర్ అంటారు. న్యూట్రోఫిల్స్ 60, లింఫోసైట్స్ 30 అయితే నిష్పత్తి 2. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఇది సాధారణంగా 1కి, 3కి మధ్యలో ఉంటుంది. దీనికి ప్రత్యేకమైన పరీక్ష అక్కరలేదు, అదనపు ఖర్చు లేదు. దీని మీద ఇన్ని పరిశోధనలు రావడానికి అదొక కారణం.

క్యాన్సర్ ఉన్నవారిలో ఈ అంకె ఎందుకు పెరుగుతుంది? గడ్డ పెరుగుతున్నచోట శరీరం మానని గాయం ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. గడ్డ నుండి వెలువడే రసాయనాలు మజ్జను తొందరపెట్టి న్యూట్రోఫిల్స్‌ను ఎక్కువగా పంపమంటాయి. అలా వచ్చిన వాటిలో కొన్ని గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగడానికి తోడ్పడతాయి, లింఫోసైట్స్ పనికి అడ్డుపడతాయి. కాపలాకు పిలిచినవాడే దొంగకు నిచ్చెన పట్టుకున్నట్టు. గడ్డలో తెల్లకణాలు చేరి ఉంటాయని జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1863లోనే గమనించాడు. ఇన్నేళ్ళకు ఆ పరిశీలన లెక్కల్లోకి వచ్చింది.

నోటి క్యాన్సర్ రోగుల మీద అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి చూసినప్పుడు, చికిత్సకు ముందు ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారిలో ఫలితాలు కొంత తక్కువగా ఉన్నట్టు కనిపించింది. ఇది నిజమే, దాచనక్కరలేదు. కానీ ఇక్కడ రెండు మాటలు జాగ్రత్తగా వినాలి. ఒకటి, ఇది గుంపు గురించి చెప్పిన మాట. వందమంది గురించి చెప్పిన మాటను ఒక్క మనిషి నుదుటి మీద రాయకూడదు. రెండు, ఎక్కువ అంటే ఎంత అనే దాని మీద ఒప్పందం లేదు. ఒక పరిశోధనలో హద్దు 2 దగ్గర పెట్టారు, ఇంకొకదానిలో 3, మరొకదానిలో 5. ఆ అబ్బాయి చూసిన నాలుగు ఎవరో ఒకరు గీసిన గీత మాత్రమే. పైగా నిష్పత్తి ఎక్కువ ఉన్నవారికి ఆపరేషన్ మానమని ఏ పరిశోధనా చెప్పలేదు. ఆ అంకెలు వచ్చిందే చికిత్స పొందినవారి నుండి.

మా వార్డులో జరిగిన పొరపాటు

ఈ అంకె ఎంత సులభంగా మోసం చేస్తుందో మేము కష్టపడి నేర్చుకున్నాము. కొన్నేళ్ళ క్రితం బోధన్ వైపు నుండి ఒక పెద్దాయన నాలుక క్యాన్సర్‌తో చేరాడు. రాత్రి నాలుక వాచి ఊపిరి ఇబ్బంది పడితే డ్యూటీ డాక్టరు డెక్సామెథసోన్ ఇంజెక్షన్ రాశారు. మేమే ఇచ్చాము. వాపు తగ్గింది. తెల్లవారి ఆరు గంటలకు మామూలుగా రక్తం తీసి పంపాము. న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్స్ 8. అంటే 11.

డెక్సామెథసోన్ స్టెరాయిడ్ మందు. అది పడిన కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి. ఇది మాకు తెలియని విషయం కాదు. అయినా ఇంజెక్షన్ సంగతి ఆ రక్తపు ఫారం మీద మేము రాయలేదు. ఆయన అల్లుడు కాగితం చూసి ఇది చాలా ఎక్కువ కదా అని అడిగితే, పనుల్లో ఉన్న మేము అవును, ఎక్కువే అని జవాబు చెప్పి వెళ్ళిపోయాము. మధ్యాహ్నానికి ఇంటివాళ్ళు సంతకం పెట్టి తీసుకొని వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్తున్నారో అడిగి తెలుసుకున్నది సాయంత్రం, ఫోనులో. మళ్ళీ నచ్చజెప్పి రప్పించడానికి మూడు వారాలు పట్టింది. వచ్చిన రోజు రక్తం తీస్తే న్యూట్రోఫిల్స్ 66, లింఫోసైట్స్ 26, అంటే దాదాపు 2.5. ఈలోగా మెడలో లేని గడ్డ చేతికి తగిలింది.

ఆ మూడు వారాల వల్లనే గడ్డ వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. లోపల ముందే ఉండి ఉండవచ్చు. అయినా ఆ రోజు నుండి మా వార్డులో రక్తపు ఫారం మీద మూడు విషయాలు రాయనిదే సీసా కదలదు. జ్వరం లేదా చీము ఉన్నదా, స్టెరాయిడ్ పడిందా, ఈ మధ్య రక్తం ఎక్కించారా లేక కీమో ఇచ్చారా. నోటి క్యాన్సర్ ఉన్నవారిలో పుచ్చిన పళ్ళు, చిగుళ్ళ చీము దాదాపు అందరికీ ఉంటాయి. పళ్ళ ఇన్‌ఫెక్షన్ ఒక్కటే ఈ నిష్పత్తిని పెంచగలదు. అదుపులో లేని షుగరు, ఇటీవలి ఆపరేషన్, పొగతాగే అలవాటు, ఇవన్నీ అంకెను కదిలిస్తాయి. కాబట్టి ఒక్క రోజు కాగితం చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. డాక్టర్లు చూసేది వరుసగా తీసిన కాగితాలను, వాటితో పాటు మనిషిని.

ముక్క పరీక్షలో కనిపించేది

రక్తం ఊరంతా తిరిగే కాపలా వంటిది. గడ్డ దగ్గర అసలు ఏమి జరుగుతున్నదో తెలియాలంటే ముక్క పరీక్షే చూడాలి. పాథాలజీ డాక్టరు సూక్ష్మదర్శిని కింద ముక్కను చూసినప్పుడు గడ్డ అంచున, గడ్డ లోపల లింఫోసైట్స్ ఎంతగా చేరాయో కనిపిస్తుంది. బాగా చేరి ఉంటే, ముఖ్యంగా సీడీ8 కణాలు గడ్డ లోపలి దాకా చొచ్చుకొని పోయి ఉంటే, ఆ రోగుల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నట్టు చాలా పరిశోధనలు చెప్పాయి. అంచు దగ్గరే ఆగిపోయి ఉంటే శరీరం ప్రయత్నించింది గాని లోపలికి వెళ్ళలేకపోయింది అన్నమాట. ఇది ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నది. మీ రిపోర్టులో ఈ వరుస లేకపోతే పరీక్ష సరిగా చేయలేదని అనుకోకండి.

చికిత్సను నిజంగా మార్చే పరీక్ష ఒకటి ఉన్నది. దాని పేరు పీడీ-ఎల్1. టి కణం మీద పీడీ-1 అనే ఒక మీట ఉంటుంది. ఎవరైనా దానిని నొక్కితే ఆ కణం పని ఆపేస్తుంది. మన సొంత శరీరాన్ని అదే పొడుచుకోకుండా ఉండడానికి ఏర్పడిన బ్రేకు అది. కొన్ని క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1 అనే చేతిని చాచి ఆ బ్రేకును నొక్కుతాయి. కాపలాదారు ఎదురుగా నిలబడి కూడా కదలడు. పీడీ-1ను 1992లో జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం కనుగొన్నది. ఆయనకు, అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌కు 2018లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఆ చేతిని తొలగించే మందులు ఉన్నాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వాటిలో ముఖ్యమైనవి.

రిపోర్టులో దీనిని సీపీఎస్ అనే అంకెగా వేస్తారు. పీడీ-ఎల్1 ఉన్న క్యాన్సర్ కణాలు, లింఫోసైట్స్, మాక్రోఫేజ్ కణాలు అన్నింటినీ కలిపి లెక్కపెట్టి, బ్రతికి ఉన్న మొత్తం క్యాన్సర్ కణాలతో భాగించి నూటితో గుణిస్తారు. ఇక్కడ బంధువులు తరచుగా తలకిందులుగా అర్థం చేసుకుంటారు. రిపోర్టులో పాజిటివ్ అని కనబడగానే ఏడుపు మొదలవుతుంది. పీడీ-ఎల్1 పాజిటివ్ అంటే రోగం ముదిరిందని కాదు, ఈ రకం మందు పనిచేసే అవకాశం ఎక్కువ అని. తిరగబెట్టిన లేదా పాకిన తల, మెడ క్యాన్సర్ల మీద 2019లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో, సీపీఎస్ 20 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవారిలో పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 14.9 నెలలు, పాత పద్ధతి మందులు తీసుకున్నవారిది 10.7 నెలలు. ఆపరేషన్ చేయదగిన దశలో ఉండి, సీపీఎస్ 1 లేదా ఆపైన ఉన్నవారికి ఆపరేషన్‌కు ముందూ తరువాతా ఈ మందు ఇవ్వడానికి 2025 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఈ మందుల ధర మన ఇళ్ళకు అందేది కాదు. ఆ సంగతి చెప్పకుండా పై మాటలు చెప్పడం న్యాయం కాదు. అందుకే ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2022లో ప్రచురించిన పరిశోధన మాకు చాలా విలువైనదిగా తోచింది. నయం చేయలేని దశలో ఉన్న 151 మంది తల, మెడ క్యాన్సర్ రోగులను వారు రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు తక్కువ ఖర్చుతో నోటి ద్వారా ఇచ్చే మూడు మందులు, రెండవ గుంపుకు వాటితో పాటు నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములు మూడు వారాలకు ఒకసారి ఇచ్చారు. మామూలుగా ఇచ్చే మోతాదులో ఇది పదో వంతు కూడా లేదు. ఏడాది తరువాత బ్రతికి ఉన్నవారు మొదటి గుంపులో 16.3 శాతం, రెండవ గుంపులో 43.4 శాతం. మన దేశపు వైద్యులు మన దేశపు రోగుల కోసం అడిగిన ప్రశ్న అది.

ఇంకొక చిన్న మాట. కొందరు ఫోనులో చూసి పీ16 పరీక్ష ఎందుకు చేయలేదని అడుగుతున్నారు. అది టాన్సిల్, నాలుక మొదలు వంటి గొంతు భాగపు క్యాన్సర్లకు ముఖ్యం. బుగ్గ, చిగురు, నాలుక ముందు భాగానికి దానితో పెద్ద పని లేదు.

అంతకన్నా ముందు చూడవలసినవి

రోగనిరోధక శక్తి అనే మాట కోవిడ్ తరువాత అంగడి సరుకైపోయింది. మన దగ్గర పసుపు పంటకు కొదవ లేదు, పసుపు పొడులకు అంతకన్నా లేదు. పుండు మీద పసుపు రాసి, పటిక నీళ్ళు పుక్కిలించి, శక్తి పెరిగే పొడి మింగి మూడు నెలలు పోగొట్టుకున్నవారిని మేము ప్రతి ఏడూ చూస్తున్నాము. కూరలో పసుపు వేసుకోండి, మంచిదే. పుండుకు మాత్రం డాక్టరు కన్ను కావాలి.

నోటి క్యాన్సర్ ఫలితాన్ని ఈ రోజుకీ అన్నిటికన్నా గట్టిగా చెప్పేవి పాత విషయాలే. గడ్డ ఎంత పెద్దది, ఎంత లోతుకు దిగింది, మెడ గ్రంథులకు పాకిందా, తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయా. 2018 నుండి వాడుకలో ఉన్న దశల లెక్కలో లోతును కూడా చేర్చారు. 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు అక్కడ హద్దులు. మెడ గ్రంథికి పాకితే బ్రతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుందని మా శిక్షణ రోజుల నుండి చెబుతూనే ఉన్నారు. టాటా మెమోరియల్‌లోనే జరిగి 2015లో వెలువడిన ఇంకొక పరిశోధనలో, తొలిదశ నోటి క్యాన్సర్‌కు నోటి ఆపరేషన్‌తో పాటే మెడ గ్రంథులను కూడా తీసినవారిలో మూడేళ్ళకు 80 శాతం మంది బ్రతికి ఉన్నారు. గడ్డ కనబడ్డాక తీద్దామని ఆగినవారిలో అది 67.5 శాతం. మెడ కూడా కోస్తారట అని భయపడి ఆపరేషన్ వద్దనేవారు ఈ రెండు అంకెలు గుర్తుంచుకోవాలి.

ఆపరేషన్ తరువాత కరెంటు పెట్టించాలని చెబితే ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలి. మధ్యలో రోజులు మానకూడదు. పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు వచ్చాయని వారం మానినవారు మాకు తెలుసు. ఖర్చు సంగతికి వస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది.

నర్సులుగా మేము చూసే కొలత ఇంకొకటి ఉన్నది, తూకం. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే ఏ రక్తపరీక్షా లేకుండానే ఆ మనిషి ఆపరేషన్‌ను తట్టుకోవడం కష్టమని తెలుస్తుంది. లింఫోసైట్స్ కూడా తిండి లేకపోతే తగ్గుతాయి. నోరు తెరుచుకోనివారికి పలుచని గట్క, రాగి జావ, పప్పు కట్టు, పాలల్లో గిలకొట్టిన ఉడికిన గుడ్డు, రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా పట్టండి. అవసరమైతే ముక్కు గొట్టం వేస్తారు. గొట్టం అంటే ఆఖరి దశ అని కాదు.

మన తెలుగువారి నోళ్ళు ప్రపంచ వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది ఏ రక్తపరీక్షతోనూ కాదు. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకొని చుట్ట తాగేవారు, దానిని అడ్డపొగ అంటారు. పిండ్‌బోర్గ్, మెహతా మొదలైన వైద్యులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్ళను చూసి 1971లో ప్రచురించారు. ఊరూరా తిరిగి నోరు తెరిచి చూడడమే వారి పద్ధతి. కేరళలోని తిరువనంతపురంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు చూసినందువల్ల, పొగాకు లేదా మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్టు 2005లో తేలింది.

మన వైపు చుట్ట తక్కువ. కానీ బీడీలు చుట్టే ఇంట్లో తంబాకు సంచి ఎప్పుడూ విప్పే ఉంటుంది. వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా నిద్ర రాకుండా ఉండడానికి చిటికెడు తీసి బుగ్గన పెట్టుకుంటారు. అది అలవాటు అనే లెక్కలోకి కూడా రాదు. తంబాకు అలవాటు ఉన్నదా అని అడిగితే లేదనే చెబుతారు. అబద్ధం చెప్పాలని కాదు, మగవాళ్ళు తాగేదే అలవాటు అని వారి ఉద్దేశం. అందుకే మేము ఇప్పుడు ప్రశ్న మార్చాము. బుగ్గన ఏ వైపు పెట్టుకుంటావమ్మా అని అడుగుతాము. చేయి దానంతట అదే ఆ వైపుకు పోతుంది.

రెండు వారాలకు మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్రటి మచ్చ, కారం తగిలితే మంట, నిలువుగా మూడు వేళ్ళు పట్టనంతగా నోరు బిగుసుకోవడం, ఊగే పన్ను, మెడలో నొప్పిలేని గడ్డ. వీటిలో ఏది ఉన్నా రండి. నెలకు ఒకసారి అద్దం ముందు టార్చిలైటుతో బుగ్గలు, చిగుళ్ళు, నాలుక కింద, నాలుక పక్కలు చూసుకోండి.

ఆ రోజు మెండోరలో ఆ అబ్బాయికి ఇదే చెప్పాము. నీ లెక్క తప్పు కాదు, కానీ మీ బాపుకు రెండు దవడ పళ్ళు చీము పట్టి ఉన్నాయి, అవి తీయించక ముందటి కాగితం ఇది, ఆపరేషన్ తేదీకి తప్పక వెళ్ళండి అన్నాము. మెడలో గడ్డ ఏదీ మా చేతికి తగలలేదు. అతడు రబ్బరు తీసుకొని కాగితం మీద 5.4ను చెరిపేయబోతే వద్దని, పక్కన తేదీ, పళ్ళ చీము అని రాయించాము. తండ్రి లేచి నిలబడ్డాడు.

అప్పుడు మాలో ఒక సిస్టరు గుమ్మం దగ్గరి తల్లిని పిలిచి, "నువ్వు ఏ దిక్కు పెట్టుకుంటవమ్మా?" అని అడిగింది. ఆమె కొంగు దించకుండానే కుడి బుగ్గ మీద చెయ్యి వేసింది. నోరు తెరవమంటే రెండు వేళ్ళే పట్టాయి. లోపల తెల్ల మచ్చ ఉన్నది, పుండు ఇంకా లేదు. ఆమె పేరు మీద కూడా ఒక చీటీ రాసి ఆ అబ్బాయి ఫైలులోనే పెట్టాము.